ఒక్క ఊపిరిలో ఒక కళ: ఆర్యభటుడు చూచిన భూమి

మన దేవాలయంలో ఏ పూజకు కూర్చున్నా ముందుగా సంకల్పం చెప్పుకుంటాము. కలియుగం మొదలుకొని సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం వరకు ఒక్కొక్క మెట్టే దిగివచ్చి, ఈ క్షణాన, ఈ స్థలాన, ఫలానా గోత్రంవారము కూర్చున్నామని భగవంతునికి విన్నవించుకుంటాము. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ మాటలన్నీ మంత్రాలవలె వినిపిస్తాయి. నిజానికి అదొక చిరునామా. వీధి పేరు, ఇంటి నంబరు బదులుగా ఆకాశాన్ని ఆధారం చేసుకొని చెప్పుకునే చిరునామా. అందులోని వారం వెనుక భూమి తన చుట్టూ తాను తిరగడం ఉంది. అయనం, ఋతువు వెనుక భూమి ఒరిగి ఉండి సూర్యుని చుట్టూ తిరగడం ఉంది.

సంకల్పంలో మనం తలచుకునే ఆ కలియుగ గణనతోనే తన వయస్సును లోకానికి చెప్పుకున్న మహనీయుడు ఒకడున్నాడు. ఆయన ఆర్యభటుడు. ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితాన్ని రాయాలని సంకల్పించడానికి ఒక కారణం ఉంది. అది నేను చేసిన ఒక పొరపాటు.

ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి పండుగనాడు మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను కోరారు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని కోపర్నికస్ కంటే వెయ్యేళ్ల ముందే మన ఆర్యభటుడు కనిపెట్టాడని ఎంతో ఉత్సాహంతో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసాదాల వేళ హైస్కూలులో చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, ఆ మాట ఆయన గ్రంథంలో ఎక్కడ ఉన్నదో చూపగలరా, పాఠశాలలో తన వ్యాసానికి కావాలి అని వినయంగా అడిగింది. నేను చూపలేకపోయాను. ఎందుకంటే ఆ గ్రంథాన్ని నేను ఎన్నడూ తెరిచి చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోగిని పరీక్షించకుండా, రక్తపరీక్షల ఫలితాలు చూడకుండా నేను ఒక్క మాత్ర కూడా రాయను. అటువంటిది దేవుని సన్నిధిలో, పిల్లల ఎదుట, విన్నమాటను నిజమని చెప్పాను. తరువాత గ్రంథాలయం నుండి ఆర్యభటీయం అనువాదాన్ని తెచ్చుకొని చదివాను. నేను చెప్పిన మాట అందులో లేదు. అయితే అందులో ఉన్నది నేను చెప్పినదానికంటే ఎంతో ఆశ్చర్యకరమైనది.

కలియుగం చెప్పిన వయస్సు

ప్రాచీన భారతీయ పండితులలో పుట్టిన సంవత్సరం నిస్సందేహంగా తెలిసినవారు బహు కొద్దిమంది. ఆర్యభటుడు వారిలో ఒకడు. నాల్గవ యుగపాదంలో అరవై అరవైల సంవత్సరాలు, అంటే 3,600 ఏళ్లు గడిచేనాటికి తనకు 23 ఏళ్లు నిండాయని ఆయన రాసుకున్నాడు. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైనదని గణన. ఆ లెక్కన ఆయన చెప్పిన సంవత్సరం క్రీ.శ. 499, జన్మ సంవత్సరం 476. ఆ ఇరవై మూడవ యేటనే ఆర్యభటీయాన్ని రచించాడని పలువురి అభిప్రాయం. ఈనాటి మన పిల్లలు వైద్య కళాశాలలో చేరే వయస్సు అది.

కుసుమపురంలో ఆదరింపబడుతున్న జ్ఞానాన్ని తాను చెబుతున్నానని ఆయన పేర్కొన్నాడు. కుసుమపురమంటే పాటలీపుత్రమని, అనగా నేటి పాట్నా అని, 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు వివరించాడు. గుప్త సామ్రాజ్యం సన్నగిల్లుతున్న రోజులవి. అయినా అక్కడ విద్యకు గౌరవం తగ్గలేదు. పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకుడు అనేవారు ఆయన శిష్యులని కూడా భాస్కరుడే తెలిపాడు.

మరి జన్మస్థలం? భాస్కరుడు ఆర్యభటీయాన్ని అశ్మక తంత్రమని వ్యవహరించాడు. పదిహేను, పదహారు శతాబ్దాల నాటి కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి, ఆర్యభటుడు అశ్మక దేశంలో జన్మించాడని స్పష్టంగా రాశాడు. షోడశ మహాజనపదాలలో అశ్మకం గోదావరీ తీరానిది. దాని రాజధాని పోదన నగరం నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అని అనేక చరిత్రకారుల నిర్ణయం. ఈ మాట చదివినప్పుడు తెలుగువారందరిలాగే నా మనస్సూ పొంగింది. అయితే అశ్మకం వేరొక చోట ఉండేదని వాదించే పండితులూ ఉన్నారు. అందుచేత ఆర్యభటుడు బోధన్ ప్రాంతంవాడు కావచ్చునని సంతోషిద్దాము. తప్పక అక్కడివాడేనని ఒట్టు మాత్రం పెట్టకుందాము. ఒకసారి తొందరపడినదానిని కనుక ఈ జాగ్రత్త.

నూట ఇరవై ఒక్క శ్లోకాలు

ఆర్యభటీయం చిన్న పుస్తకం. గీతికా, గణిత, కాలక్రియా, గోల అనే నాలుగు పాదాలలో మొత్తం 121 శ్లోకాలు. బ్రహ్మదేవునికి నమస్కరించి ఆరంభమవుతుంది. వృత్తపు చుట్టుకొలతకు, వ్యాసానికి గల నిష్పత్తిని 62,832కు 20,000గా, అంటే 3.1416గా ఆయన నిర్ణయించాడు. అది ఉజ్జాయింపు మాత్రమేనని కూడా నిజాయితీగా చేర్చాడు.

పెద్ద పెద్ద సంఖ్యలను శ్లోకంలో ఇమడ్చడానికి ఆయన ఒక పద్ధతి కల్పించాడు. హల్లులు అంకెలను, అచ్చులు వాటి స్థానాలను తెలుపుతాయి. మహాయుగంలోని 43,20,000 సంవత్సరాలను రెండే అక్షరాలలో పలికించాడు. ఇటువంటి గ్రంథంలో ఒక్క అక్షరం మారినా లోకమే మారిపోతుంది. అలా మారిన వైనం కూడా ముందుకు వస్తుంది.

ఊపిరితో కొలిచిన భూమి

ఉదయం సూర్యుడు తూర్పున లేస్తాడు, సాయంత్రం పడమట దిగుతాడు. కంటికి కనిపించేది ఇదే. భూమి నిశ్చలమని, ఆకాశమే దాని చుట్టూ తిరుగుతున్నదని ఆనాటి పండితులు దాదాపు అందరూ నమ్మారు. షికాగోలోని ఆడ్లర్ ప్లానెటేరియంలో 1913 నాటి ఆట్‌వుడ్ గోళం ఉన్నది. లోపల కూర్చున్నవారి చుట్టూ ఆ లోహపు గోళం తిరుగుతుంది; దానికి పొడిచిన రంధ్రాలు నక్షత్రాలై ఉదయించి అస్తమిస్తాయి. ప్రాచీనుల విశ్వాసానికి అది చక్కని నమూనా. పిల్లలను తీసుకువెళ్లినవారు చూచే ఉంటారు.

ఆర్యభటుడు ఆ గోళాన్ని ఆపి, కూర్చున్న పీటను తిప్పాడు. పడవలో ముందుకు సాగిపోయేవానికి గట్టుమీది చెట్లు వెనుకకు పోతున్నట్లు తోస్తుంది. అదే విధంగా తూర్పుకు తిరుగుతున్న భూమిమీద ఉన్న మనకు కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు కనిపిస్తున్నాయని ఆయన బోధించాడు. గోదావరి మీద లాంచీలో పాపికొండలకు వెళ్లినవారికి ఈ ఉపమానం అనుభవంలోనిదే. ఇంటర్‌స్టేట్ 88 మీద కారు వెనుక సీటులో కూర్చుని మొక్కజొన్న చేలను చూచే పిల్లలకూ అనుభవంలోనిదే.

ఉపమానంతో ఆగక ఆయన లెక్క కట్టాడు. ఒక మహాయుగంలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందన్నాడు. ఆ సంఖ్యనుబట్టి గుణిస్తే నక్షత్రాల సాపేక్షంగా భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4.1 సెకండ్లు పడుతుంది. నేటి పరికరాలు చెప్పేది కూడా 23 గంటల 56 నిమిషాల 4.1 సెకండ్లే. మరి మన గడియారపు దినానికి 24 గంటలెందుకు? భూమి ఒక చుట్టు పూర్తిచేసేలోగా సూర్యుడు నక్షత్రాల నడుమ సుమారు ఒక భాగ, అంటే ఒక డిగ్రీ, తూర్పుకు జరిగినట్లు కనబడతాడు. అతనిని మళ్ళీ నడినెత్తి రేఖకు తెచ్చుకోవడానికి భూమి మరో నాలుగు నిమిషాలు తిరగాలి. అందువల్లనే ఈ రాత్రి కనిపించిన నక్షత్రం రేపు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది.

వైద్యురాలిగా నన్ను కదిలించినది మరొక కొలత. కాలానికి ఆయన తీసుకున్న చిన్న ప్రమాణం ప్రాణం. ఆరోగ్యవంతుడైన మనిషి ఒకసారి ఊపిరి తీసి విడిచే వ్యవధి. ఆరు ప్రాణాలు ఒక విఘడియ. అరవై విఘడియలు ఒక ఘడియ. అరవై ఘడియలు ఒక దినం. గుణిస్తే దినానికి 21,600 ప్రాణాలు. వృత్తంలో 360 భాగలు, భాగకు 60 కళలు. అంటే వృత్తానికి 21,600 కళలు. కనుక ఒక్క ప్రాణకాలంలో భూమి ఒక్క కళ తిరుగుతుందని ఆయన నిర్ణయం. ప్రాణం నాలుగు సెకండ్లు; నిమిషానికి పదిహేను ఊపిరులు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి శ్వాస నిమిషానికి 12 నుండి 20 వరకు ఉండాలని మేము వైద్య కళాశాలలో నేర్చుకున్నాము. రోగి మంచం పక్కన నిలబడి గడియారం చూస్తూ ముప్పై ఏళ్లుగా లెక్కపెడుతున్న ఊపిరినే ఆయన భూమిని కొలవడానికి వాడుకున్నాడు. మనం ఒక్క ఊపిరి తీసి విడిచేలోగా నేపర్‌విల్ సుమారు 1.4 కిలోమీటర్లు తూర్పుకు జరిగిపోతుంది.

భూమి గోళమని, కడిమి పువ్వు ఉండకు అన్ని వైపులా రేకులున్నట్లు దాని చుట్టూ ప్రాణులున్నాయని కూడా ఆయన చెప్పాడు. ఆ గోళంలో సగం సూర్యునికి ఎదురై వెలుగులోను, సగం తన నీడలోనే తాను చీకటిలోను ఉంటుంది. భూమధ్యరేఖ మీద తొంభై భాగల ఎడంతో లంక, యవకోటి, సిద్ధపురం, రోమకం అనే నాలుగు స్థానాలను సంప్రదాయం పేర్కొన్నది. లంకలో సూర్యోదయమైనప్పుడు యవకోటిలో మధ్యాహ్నం, సిద్ధపురంలో సూర్యాస్తమయం, రోమకంలో అర్ధరాత్రి అని ఆయన వివరించాడు. లంక ఉజ్జయిని రేఖ మీది స్థానం. దానికి సరిగ్గా ఎదుటిదైన సిద్ధపురపు రేఖను నేటి పటంలో గీస్తే అది డెన్వర్ నగరానికి కొద్దిగా తూర్పున పోతుంది. అంటే మనం సిద్ధపురవాసులకు ఇరుగుపొరుగువారమన్నమాట.

ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ అనుభవమే. ప్రసూతి గది బయట నిలబడి, మనుమడు పుట్టిన సమయాన్ని గుంటూరుకో వరంగల్లుకో ఫోనులో చెప్పే తాతగారిని ఎన్నోసార్లు చూచాను. జనవరిలో ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలైతే అక్కడ మరునాటి ఉదయం ఎనిమిదిన్నర. తేదీ మారింది, వారం మారింది. బిడ్డ ఒక్కడే, మొదటి ఊపిరి ఒక్కటే.

ఋతువుల సంగతి

ఆనాడు నేను పొరబడినది ఇక్కడే. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని ఆర్యభటుడు చెప్పాడు. సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని చెప్పలేదు. ఆయన విశ్వంలో భూమియే మధ్యలో ఉంది. సూర్యచంద్రులు, గ్రహాలు దాని చుట్టూ తమ తమ కక్ష్యలలో సంచరిస్తాయి.

అయినా ఋతువులకు మూలమైన కొలత ఆయన దగ్గర ఉన్నది. సూర్యుని వార్షిక మార్గం భూమధ్యరేఖకు ఏటవాలుగా ఉంటుంది. మేషం మొదలు కన్య చివర వరకు సగం ఉత్తరానికి, తుల మొదలు మీనం చివర వరకు సగం దక్షిణానికి వాలి ఉంటుంది. ఆ వాలు 24 భాగలని ఆయన గ్రహించాడు. నేటి కొలత సుమారు 23.4. అదే వాలును మనం ఇప్పుడు భూమి అక్షం ఒరిగి ఉండడం అంటున్నాము. మేరువు మీది దేవతలకు, అంటే ఉత్తర ధ్రువంలో, ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని పురాణాలు చెప్పినదానిని ఆయన ఈ జ్యామితితోనే సమర్థించాడు.

శీతకాలంలో భూమి సూర్యునికి దూరంగా పోతుంది కనుక చలి అని పిల్లలలో చాలామంది అనుకుంటారు. పెద్దలలోనూ కొందరు అనుకుంటారు. వాస్తవం తలక్రిందులు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి అత్యంత సమీపంగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై ఆరంభంలో 15.2 కోట్ల కిలోమీటర్లు. మన నేపర్‌విల్ గజగజ వణికేది సూర్యుడు దగ్గరగా ఉన్నప్పుడే. కారణం వాలు. డిసెంబరులో ఉత్తరార్ధగోళం సూర్యునికి ఎడంగా ఒరిగి ఉంటుంది. మనం 41.8 భాగల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాము. ఆ రోజులలో ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు దిగంతానికి 25 భాగల ఎత్తుకు మించి ఎక్కడు; పగలు తొమ్మిది గంటల చిల్లర మాత్రమే. అదే రోజున విజయవాడలో సూర్యుడు 50 భాగల ఎత్తుకు చేరతాడు. పగలు పదకొండు గంటలు దాటుతుంది. ఏటవాలుగా పడిన కిరణాలు ఎక్కువ నేల మీద పరచుకొని పలచబడతాయి. పైగా పగలు చిన్నది. జూన్‌లో భూమి కక్ష్యలో అవతలి వైపునకు చేరేసరికి అదే వాలు మనలను సూర్యుని వైపు వంచుతుంది. అప్పుడు మన పగలు పదిహేను గంటలు దాటుతుంది.

ఉత్తరాయణం విషయంలో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 ప్రాంతంలో అని పాఠశాలలో చెబుతారు. మనం జనవరి 14 ప్రాంతంలో సంక్రాంతి జరుపుకుంటాము. ఏది సరి? రెండూ సరియైనవే. ఆర్యభటుని కాలంలో ఆ రెండూ దాదాపు కలిసే వచ్చేవి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా వలయం తిరుగుతుంది. ఒక వలయానికి సుమారు 26,000 ఏళ్లు. అందువల్ల ఋతువులు నక్షత్రాల సాపేక్షంగా 72 ఏళ్లకు ఒక భాగ చొప్పున జరుగుతూ వచ్చాయి. నక్షత్రాలను పట్టుకొన్నది కనుక మన పండుగ మకర రాశిని వదలలేదు. అయనం మాత్రం ముందుకు జరిగింది. నేటి ఇరవై నాలుగు రోజుల తేడా ఆర్యభటునికీ మనకూ మధ్య గడిచిన కాలానికి ఆకాశం వేసిన గుర్తు.

మారిన అక్షరం

భూభ్రమణాన్ని ఆనాటి పండితులు అంగీకరించలేదు. భూమి తిరిగితే ఆకాశానికెగిరిన పక్షి తన గూటికి మరలి ఎలా రాగలదని ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు ప్రశ్నించాడు. ఎత్తైన వస్తువులు ఎందుకు కూలిపోవని 628లో బ్రహ్మగుప్తుడు నిలదీశాడు. పైకి వేసిన బాణాలు పడమర దిక్కున పడవలసి ఉండేదని ఎనిమిదవ శతాబ్దంలో లల్లుడు వాదించాడు. ఈ లల్లుడు ఇతర విషయాలలో ఆర్యభటుని మార్గాన్ని అనుసరించినవాడే.

ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. భూమితోపాటు గాలి, పక్షి, బాణం అన్నీ అదే వేగంతో సాగుతున్నాయనే సమాధానం పూర్తిగా స్థిరపడడానికి గెలీలియో, న్యూటన్ల వరకు ఆగవలసి వచ్చింది. భూమి తిరగడాన్ని ఒక గదిలో కళ్లకు కట్టినట్లు ఫూకో లోలకంతో చూపినది 1851లో. ఆర్యభటుని దగ్గర పరికరం లేదు; పడవ ఉపమానమూ లెక్కా మాత్రమే ఉన్నాయి. అయినా చెప్పాడు.

విమర్శకులు ఎదురుగా నిలబడి వాదించారు. తీవ్రంగా ఖండించిన బ్రహ్మగుప్తుడే తరువాత 665లో ఖండఖాద్యకమనే కరణగ్రంథాన్ని ఆర్యభటుని గణితం ఆధారంగా రచించాడు. తొమ్మిదవ శతాబ్దంలో పృథూదకస్వామి బ్రహ్మగుప్తుని గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, ఈ విషయంలో మాత్రం ఆర్యభటుని పక్షాన నిలిచాడు. భూమి మీద ఎవరు ఎక్కడ నిలబడితే అక్కడే వారికి పైభాగం కనుక వస్తువులు కూలిపోతాయన్న శంకకు తావు లేదని సమాధానమిచ్చాడు. గురువును వ్యాఖ్యానించడమంటే ప్రతి మాటకూ తలూపడం కాదని దీనివల్ల తెలుస్తుంది.

మనస్సుకు కష్టం కలిగించేది మరొకటి. ఆర్యభటుని మీద భక్తి ఉన్న వ్యాఖ్యాతలే ఆయన మాటను మార్చారు. ప్రాణకాలంలో ఒక కళ తిరిగేది భూమి అని ఆయన అన్నచోట, భూమి అని అర్థమిచ్చే భూ శబ్దాన్ని తొలగించి, నక్షత్రమండలం అని అర్థమిచ్చే భ శబ్దాన్ని నిలిపారు. దీర్ఘం పోయి సున్న వచ్చింది; భూమి ఆగిపోయి ఆకాశం తిరగసాగింది. మరికొందరు పడవ ఉపమానాన్ని భ్రాంతిపడినవారి అభిప్రాయంగా వివరించారు. ఇంతటి మహానుభావుడు అంతటి పొరపాటు చేసి ఉండడనే గౌరవంతోనే వారు ఈ పని చేశారు. బ్రహ్మగుప్తుడు ఖండించడానికై పాత పాఠాన్ని ఉన్నదున్నట్లు ఉదహరించాడు కనుక అసలు మాట నిలిచింది. మిత్రులు మార్చిన అక్షరాన్ని విమర్శకుడు కాపాడాడు.

ఈ ఘట్టం చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. సంక్రాంతినాడు నేను చేసినదీ అదే. వారు ఆయన గౌరవం కోసం భూమిని ఆపారు. నేను ఆయన గౌరవం కోసం భూమిని సూర్యుని చుట్టూ తిప్పాను. రెండింటిలోనూ భక్తి ఉన్నది. రెండింటిలోనూ ఆయన మాత్రం లేడు.

రాహువూ నీడా

చంద్రుడు సూర్యుని కప్పడం సూర్యగ్రహణమని, భూమి నీడ చంద్రుని కప్పడం చంద్రగ్రహణమని ఆర్యభటుడు నిస్సంశయంగా చెప్పి, నీడ పొడవును లెక్కించే విధానాన్ని కూడా ఇచ్చాడు. అలా చెప్పినవాడు దైవాన్ని కాదనలేదు. సత్యాసత్యాలు కలిసిన జ్ఞానసముద్రంలో మునిగి, తన బుద్ధి అనే పడవ సాయంతో, దైవానుగ్రహంతో సత్యమనే రత్నాన్ని వెలికి తీశానని గ్రంథాంతంలో వినయంగా విన్నవించుకున్నాడు. అనుగ్రహమూ ఆయనదే, బుద్ధీ ఆయనదే. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

2024 ఏప్రిల్ 8న నేపర్‌విల్‌లో సూర్యబింబం తొంభై శాతానికి పైగా కప్పబడినప్పుడు, మనవారు కొందరు దక్షిణ ఇల్లినాయిలోని కార్బన్‌డేల్ వరకు కారులో వెళ్లి సంపూర్ణ గ్రహణాన్ని చూచారు. కొందరు ఇంట పట్టు విడుపు స్నానాలు చేసి జపం చేసుకున్నారు. రెండూ చేసినవారూ ఉన్నారు. ఎవరినీ తక్కువచేయనక్కరలేదు. కాని ఆ నీడ ఏ నిమిషాన ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పగలిగిన గణితానికి మన దేశంలో పునాదులు వేసినవారిలో ఆర్యభటుడు అగ్రగణ్యుడని పిల్లలకు తెలియాలి.

గ్రంథం మనదాకా వచ్చిన దారి

683లో కేరళలో హరిదత్తుడు ఆర్యభటీయం ఆధారంగా పరహిత గణితాన్ని ప్రవేశపెట్టాడు. పరమేశ్వరుడు, నీలకంఠ సోమయాజి వంటివారు ఆ సంప్రదాయాన్ని శతాబ్దాలపాటు నిలిపారు. అరబ్బు పండితుల నోట ఆయన పేరు అర్జభర్ అయింది. పదకొండవ శతాబ్దంలో అల్బెరూనీ ఆయన గ్రంథం కోసం వెదికి, బ్రహ్మగుప్తుని ఉదాహరణల ద్వారా మాత్రమే ఆయనను తెలుసుకోగలిగాడు.

ఆధునిక కాలంలో ఆర్యభటుని కాలాన్ని, గ్రంథాన్ని సప్రమాణంగా విచారించి 1865లో ప్రకటించినవాడు బొంబాయికి చెందిన భావు దాజీ. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. పగలు రోగులను చూచి, తీరిక వేళల తాళపత్రాలు సేకరించిన ఆ సహవృత్తికుని తలచుకుంటే నాకు ధైర్యం కలుగుతుంది. 1874లో కెర్న్ పండితుడు హాలెండులోని లైడెన్‌లో ఆర్యభటీయాన్ని అచ్చువేయించాడు. 1930లో వాల్టర్ యూజీన్ క్లార్క్ చేసిన ఆంగ్లానువాదాన్ని ప్రచురించినది మన పొరుగున ఉన్న షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమే. ఆడ్లర్ ప్లానెటేరియం తలుపులు తెరుచుకున్నదీ ఆ సంవత్సరమే. 1975 ఏప్రిల్ 19న భారతదేశపు మొదటి ఉపగ్రహం సోవియట్ నేల మీదనుండి పైకి లేచింది. దానికి ఆర్యభట అని పేరు పెట్టారు. భూమి తిరుగుతున్నదని చెప్పినవాని పేరు భూమి చుట్టూ తిరిగింది.

మన పిల్లలకు ఒక మాట

ఈ దేశంలో పెరిగే మన యువతీయువకుల ఎదుట రెండు సులభమైన దారులు ఉన్నాయి. అన్నీ మన పూర్వులకు ముందే తెలుసునని చెప్పుకోవడం ఒకటి. వారికి ఏమీ తెలియదని కొట్టిపారేయడం రెండవది. రెండింటిలోనూ పుస్తకం తెరవవలసిన శ్రమ లేదు. ఆర్యభటుని దారి మూడవది. చూడడం, కొలవడం, ఎంతవరకు తెలిసిందో అంతవరకే చెప్పడం, చెప్పిన తరువాత ఎవరు ఎదిరించినా నిలబడడం.

నన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు కళాశాలలో చదువుకుంటున్నది. మరుసటి సంక్రాంతికి అదే వేదిక మీద నా పొరపాటును సరిదిద్దుకొని, సరియైన మాటను పిల్లలకు చెప్పాను. ఈసారి చప్పట్లు కొంచెం తగ్గాయి కాని ప్రశ్నలు పెరిగాయి. ఆర్యభటునికి అంతకంటే మంచి నైవేద్యం మరొకటి ఉండదని నా నమ్మకం.

రేపు మన దేవాలయంలో సంకల్పానికి కూర్చున్నప్పుడు, అర్చకస్వామి అయనాన్ని, ఋతువును పలికే వేళ, ఒక్కసారి నిదానంగా ఊపిరి తీసి విడవండి. ఆ కాస్త సేపట్లో భూమి ఒక కళ తిరిగింది. మీరు కదలలేదనుకున్నారు. ఆ కదలికను పదిహేను వందల ఏళ్ల క్రితం లెక్కకట్టిన ఆ ఇరవై మూడేళ్ల యువకునికి మనస్సులో ఒక నమస్కారం చేసుకోండి.